ఉప్పుకోటలో చిక్కుకున్న పిల్లవాడు

ఎల్బీనగర్‌లో ఒక టైర్ల దుకాణం పైన మొదటి అంతస్తును కిరాయికి తీసుకుని నడుపుతున్న ఆ చిన్న క్రైస్తవ సంఘంలో, మెట్లెక్కగానే కుడిచేతి వైపు ఒక ఇనుప అల్మార కనిపిస్తుంది. లోపలున్నవి పాటల పుస్తకాలనుకుని తలుపు తీసిన కొత్తవాళ్ళు కాస్త తడబడతారు. అవన్నీ పిల్లల సాహస నవలలు. మాట్లాడే పక్షులు, సముద్రం అడుగున పట్టణాలు, దారి తప్పిన ఓడలు. వాటిని అక్కడ చేర్చినది ఎలీశమ్మ. ఉస్మానియాలో గ్రంథాలయ శాస్త్రం చదివి, ప్రభుత్వ జూనియర్ కళాశాలలో లైబ్రేరియన్‌గా పదవీ విరమణ చేసింది. ఆదివారం ఆరాధన ముగిశాక ఆ అల్మార పక్కన కుర్చీ వేసుకుని గడిపే గంట కోసం ఆమె వారమంతా బతికేది అంటే అతిశయోక్తి కాదు.

పుస్తకం ఇవ్వడానికి ఆమె పిల్లల వయసునుగానీ తరగతినిగానీ చూసేది కాదు. "నీకు దేనికి భయం?" అని అడిగేది. చీకటంటే భయమన్నవాడికి 'చీకటి మెట్ల పట్టణం', నీళ్ళంటే భయమన్నవాడికి 'నత్తగుల్ల ఓడ'. తనకు ఏ భయమూ లేదని ఛాతీ విరుచుకున్నవాడిని వచ్చే వారం రమ్మనేది. భయం లేనివాడికి సాహస కథలో పనేమీ ఉండదని, అటువంటివాడు పుస్తకాన్ని మంచం కింద పడేస్తాడని ఆమె అనుభవం.

ఆమెకు మరో పద్ధతి కూడా ఉంది. పిల్లలు పుస్తకాన్ని చదవడానికి ముందు దాని లావు చూస్తారని కళాశాల రోజుల్లోనే గమనించింది. చేతిలోకి తీసుకుంటారు, వేళ్ళతో అంచు కొలుస్తారు, మర్యాదగా తిరిగి పెట్టేస్తారు. అందుకని లావు నవలలన్నిటినీ మెట్రోలో దిల్‌సుఖ్‌నగర్ తీసుకువెళ్ళి, కోచింగ్ విద్యార్థుల నోట్సు కుట్టే బైండింగ్ దుకాణంలో మధ్యకు కోయించి, రెండేసి సంపుటాలుగా కుట్టించేది. మొదటి సగం తిరిగి తెచ్చి, అందులోని కథ తన నోటితో చెప్పిన పిల్లకే రెండో సగం దక్కేది. ఎక్కడ కోయాలో ఆమే పెన్సిలుతో గుర్తు పెట్టేది. కథ పూర్తిగా ఆపదలో పడ్డచోటే ఆ గుర్తు పడేది. దీని వల్ల పిల్లలు తప్పక తిరిగి వచ్చేవారు. ఈ పద్ధతిని గురించి ఆమెకు కొంత గర్వం ఉండేదని కూడా చెప్పాలి.

ఆ యేడు వేసవిలో అల్మారకు ముప్పు వచ్చింది. సంఘం కొత్త స్పీకర్లు కొన్నది. వాటిని పెట్టడానికి జాగా కావలసి వచ్చింది. జాగా వెతికే కళ్ళు అల్మార మీద పడ్డాయి, అల్మార మీద పడ్డ కళ్ళు పుస్తకాల మీద పడ్డాయి. సంఘ పెద్ద యేసుదాసు ఆర్టీసీ డిపోలో కంట్రోలర్‌గా పనిచేసి రిటైరైనవాడు. ఏ విషయమైనా తానే స్వయంగా తనిఖీ చేస్తే తప్ప నిద్రపట్టని మనిషి. ఆరాధన అయ్యాక అల్మార ముందు నిలబడ్డాడు.

"మంత్రాలున్నయా లేవా చెల్లే, గదొక్కటి చెప్పు."

"కొన్నింటిల ఉన్నయన్నా. కాని మంత్రాన్ని నమ్ముకున్నోడు గెలిచిన కథ ఇందులో ఒక్కటి గూడ లేదు."

"అంటే ఓడిపోయెతందుకు మన పిల్లలు మంత్రాలు నేర్చుకోవాల్నా?"

ఎలీశమ్మ నోరు తెరిచేలోపే ఆయన పై అరలోంచి చేతికందిన పుస్తకం ఒకటి తీసుకున్నాడు. 'ఉప్పుకోట', రెండో సంపుటం.

"సదివి చూస్త. నెలాఖరుకు సర్వసభ్య సమావేశం ఉంది గద. ఉంచాల్నా తియ్యాల్నా ఆడ్నే తేల్చుదాం."

"అది రెండో సగం అన్నా. మొదటిది చదవకపోతే అర్థం కాదు."

"తప్పు పట్టెతందుకు ఏ సగమైతేంది."

ఆయన నవ్వాడు. ఆమె నవ్వలేదు. తియ్యాలని తేలితే పుస్తకాలను మోసుకుపోవడానికి ఆమెకు తన రెండు గదుల వాటా తప్ప మరో చోటు లేదు. అక్కడికి పిల్లలు రారు. అల్మార పోవడమంటే పుస్తకాలు పోవడం కాదు, చదివేవాళ్ళు పోవడం.

'ఉప్పుకోట' మొదటి సగం అప్పటికే జోస్నా దగ్గర ఉంది. ఆమె ఏడో తరగతి పిల్ల. తల్లి సాధన చైతన్యపురిలో ఒక ప్రైవేటు దవాఖానాలో నర్సు. తండ్రి నాగపూర్ దారిలో లారీ నడుపుతాడు. దేనికి భయమని అడిగినప్పుడు జోస్నా చాలాసేపు ఆలోచించింది.

"ఎవరన్నా ఎటన్నా పోతే, ఫోను గూడ కలవదు సూడు అమ్మమ్మా. ఏమైందో తెల్వకుండ ఉంటది గద. గదంటే భయం."

ఎలీశమ్మ మరో మాట లేకుండా 'ఉప్పుకోట' తీసి ఇచ్చింది. అందులో అభిలాష్ అనే పన్నెండేళ్ళ పిల్లవాడు తప్పిపోయిన తమ్ముడిని వెతుకుతూ సముద్రం ఒడ్డున ఉన్న ఉప్పు గుహల్లోకి వెళతాడు. గుహల వెనుక ఒక కోట, ఆ కోటకు ఒక రాణి, ఆమె కాపలాకు నోరులేని సైనికులు. మొదటి సగం ముగిసేసరికి దారి మూసుకుపోతుంది, సముద్రపు నీళ్ళు గుహలోకి రావడం మొదలవుతుంది. ఎలీశమ్మ పెన్సిలు గుర్తు అక్కడ పడింది.

జోస్నా ఆ సగాన్ని నాలుగు పూటల్లో ముగించి, వచ్చి కథంతా అప్పజెప్పింది. రెండో సగం లేదు.

"యేసుదాసు తాత దగ్గరుంది. సమావేశం అయినంక ఇస్తడు."

"అప్పటిదాక అభిలాష్ ఎట్ల?"

"ఆగుతడులే."

"నీళ్ళు ఆగుతయా?"

పిల్ల గడుసుదనానికి ఎలీశమ్మ ముచ్చటపడింది. ఆత్రం చదువరిని పెంచుతుందని ఆమె నమ్మకం. ఆ ఆత్రం పుస్తకం దాటి బయటికి ఎటు ప్రవహిస్తుందో అప్పుడు ఆలోచించలేదు.

ఆ సంఘంలో బుధవారం సాయంత్రాలు ఎవరో ఒకరి ఇంట్లో ప్రార్థన జరుగుతుంది. చివరలో ఒక్కొక్కరూ తమ మనవి చెప్పుకుంటారు. వీటికి యేసుదాసు పెట్టిన కట్టుబాటు ఒకటుంది: మనవి చెప్పినవాళ్ళను ఎవరూ ఏమీ అడగకూడదు. ఎవరు, ఎక్కడ, ఎందుకు అన్న ప్రశ్నలు ప్రార్థనకు అవసరం లేదు. ఒకప్పుడు ఒకరింటి జబ్బు సంగతి మనవిగా మొదలై, ఆరాలతో పెరిగి, వీధి ముచ్చటై ఒక సంబంధాన్ని చెడగొట్టింది. ఆ తర్వాత పుట్టిన నియమం ఇది. మంచి నియమమే. మనవిని వెనక్కి తీసుకోవడానికి కూడా ఆయన ఒక పద్ధతి పెట్టాడు. అడిగినవాళ్ళే వచ్చి, ఏమైందో సాక్ష్యం చెప్పాలి. అంతవరకూ సంఘం ఆ పేరును ప్రార్థనలో ఎత్తుతూనే ఉంటుంది.

ఆ బుధవారం ప్రార్థన సంఘంలో ముసలామె కిష్టమ్మ ఇంట్లో. మోకాళ్ళ నొప్పితో ఎలీశమ్మ వెళ్ళలేదు. పిల్లలకు కూడా అవకాశం ఇచ్చినప్పుడు జోస్నా లేచి నిలబడింది.

"అభిలాష్ అని ఒక పిల్లగాడు. పన్నెండేండ్లు. తమ్మున్ని ఎతికెతందుకు పోయి గుహల ఇరుక్కున్నడు. నీళ్ళొస్తున్నయ్. ఎట్లున్నడో తెలుస్తలేదు. ఆయన కోసం ప్రార్థన చెయ్యున్రి."

ఎవరూ ఏమీ అడగలేదు. కట్టుబాటు అటువంటిది.

ఆదివారం మైకులో యేసుదాసు గొంతు వినిపించినప్పుడు ఎలీశమ్మ వెనుక వరుసలో కూర్చుని ఉంది. "గుహలో చిక్కుకున్న బిడ్డ అభిలాష్ కోసం మలక్‌పేట సంఘం వారు కూడా మనతో కలిసి ప్రార్థిస్తున్నరు. మన కిష్టమ్మ ఆ బిడ్డ కోసం ఉపవాసం పట్టింది. దేవునికి స్తోత్రం." హాలంతా స్తోత్రం అన్నది. ఎలీశమ్మ కళ్ళు జోస్నా కోసం వరుసలన్నీ వెతికాయి.

ఆరాధన కాగానే ఆమె జోస్నాను మెట్ల దగ్గరకు పిలిచింది.

"అభిలాష్ కథలో పిల్లగాడని ఎందుకు చెప్పలేదు?"

"ఎవరూ అడగలే అమ్మమ్మా."

"అడగకపోతే నువ్వైనా చెప్పాలె గద."

జోస్నా చెప్పు కొనతో మెట్టు అంచును గీకింది. "చెప్తే చెయ్యరు. మా నాయిన కోసమైతే అందరు చేస్తరు. అభిలాష్‌కి ఎవరున్నరు, నేను తప్ప?"

ఆ పిల్ల అబద్ధమాడలేదు. సంఘం కూడా తన నియమం తప్పలేదు. ఒక్కొక్కరూ తమ తమ పద్ధతి ప్రకారం సరిగ్గానే నడుచుకున్నారు. అన్నీ కలిసి డెబ్బై దాటిన ఒక చక్కెర జబ్బు మనిషిని పస్తులు పడుకోబెట్టాయి. ఎలీశమ్మ ఆటోలో కిష్టమ్మ ఇంటికి వెళ్ళి, తినమని బతిమాలింది.

"గోళీలు పొద్దుగాల ఏసుకుంటున్న బిడ్డా. ఒక్క పూటనే ఇడుస్తున్న. ఎవరి బిడ్డనో ఏమో, చీకట్ల నీళ్ళల్ల ఉన్నడంట. నాకు బువ్వెట్ల దిగుతది?"

 ఆ క్షణంలో నిజం చెప్పేస్తే సరిపోయేది. కానీ సమావేశం వచ్చే ఆదివారమే. సంఘం మొత్తాన్ని మోకాళ్ళ మీద కూర్చోబెట్టిన పుస్తకం అని తేలితే అల్మారకు ఎవరు చేయి ఎత్తుతారు? ఎలీశమ్మ నోటిదాకా వచ్చిన మాటను మింగింది. గ్లాసెడు మజ్జిగ అయినా తాగమని ఒప్పించి, ఆమె తాగేదాకా కదలక కూర్చుంది. తిరుగు దారిలో, తాను చేసినది లెక్కకు నిలిచే పని కాదని ఆమెకే తెలిసింది. మజ్జిగతో ఒక పూట గడుస్తుంది, వారం గడవదు.

మర్నాడు అల్మాస్‌గూడలో యేసుదాసు ఇంటికి వెళ్ళింది.

"వందనాలన్నా. పుస్తకం చదివిన్రా?"

"ఏడ చెల్లే. ఈ ప్రార్థనల పనిల పడి అట్లనే ఉంది." బీరువా మీద నుంచి తీసిచ్చాడు. ఎలీశమ్మ తీసుకోలేదు.

"మొదటి పేజీ ఒక్కటి చదవున్రి. ఇప్పుడే."

ఆయన కళ్ళజోడు పెట్టుకున్నాడు. ఆ పేజీలో మొదటి వాక్యం ఇది: అభిలాష్ కళ్ళు తెరిచేసరికి నీళ్ళు మోకాళ్ళు దాటాయి. ఆయన ఆ వాక్యం చదివి, కింద మరి కొన్ని చదివి, మళ్ళీ పైకి వచ్చాడు. లోపలి గదిలో కుక్కరు మోగి ఆగింది.

"గీ పోరడేనా?"

"ఈ పిల్లవాడే."

"నేను మైకుల చెప్పిన. మలక్‌పేటోళ్ళకు ఫోన్ చేసి మరీ చెప్పిన."

"అవునన్నా."

ఆయన పుస్తకం మూసి ఒళ్ళో పెట్టుకున్నాడు. డిపోలో బస్సుల చిక్కులు విడదీసిన గొంతుతో మాట్లాడాడు.

"ఇను చెల్లే. ఆదివారం నాడు, బిడ్డ క్షేమంగ బయటపడ్డడు, దేవునికి స్తోత్రం అంట. కిష్టమ్మ బువ్వ తింటది. మలక్‌పేటోళ్ళు నవ్వరు. నీ అల్మార నీ జాగలనే ఉంటది, నేను చూసుకుంట. స్పీకర్లు ఎటన్న పెడదాం."

ఎలీశమ్మ కోరుకున్నదంతా ఆ నాలుగు మాటల్లో ఉంది. ఎవరికీ నష్టం లేదు. ఆమె లేచి కిటికీ దాకా వెళ్ళి, వీధిలో నీళ్ళ ట్యాంకరు చుట్టూ బిందెలు పెట్టుకున్న ఆడవాళ్ళను కొంతసేపు చూసింది.

"జోస్నాకి తెలుస్తది గదన్నా, కథల పిల్లగాన్ని మనం నిజం పిల్లగాడని చెప్పినమని."

"చిన్న పిల్ల. ఏమనుకుంటది."

"చిన్న పిల్లే. కథకు, అబద్ధానికి తేడా ఉందని మీతో ఇన్ని రోజులు నేనే వాదించిన. ఇప్పుడు అల్మార కోసం అబద్ధమాడితే, అందులో ఉన్నవి గూడ అవే అయితయి. ఇగ దాన్ని ఉంచినా ఒకటే, తీసినా ఒకటే."

"అయితే నువ్వే నిలబడి చెప్తవా?"

"నేనే చెప్త. కిష్టమ్మకు మాత్రం ఇయ్యాల్నే చెప్త."

"చెప్పుకో. నేనైతే అడ్డం రాను. కాని అల్మార సంగతి ఇగ నా చేతుల లేదు." పుస్తకం కోసం ఆమె చేయి చాపితే ఆయన ఇవ్వలేదు. "ఇది ఉండనియ్యి. తనిఖీకని తెచ్చిన, తనిఖీ చెయ్యాలె గద."

కిష్టమ్మకు ఆ సాయంత్రమే చెప్పింది. కిష్టమ్మ అంతా విని, తల ఊపి, ఉపవాసం మాత్రం విడవలేదు. "కథల ఉన్నా పిల్లగాడు పిల్లగాడే గద. నువ్వు గూడ బయటికొచ్చిండని చెప్తలేవు. మొక్కుకున్నంక మధ్యల ఇడుస్తరా?" బయటపడ్డాడో లేదో చెప్పబోయిన ఎలీశమ్మను ఆమే ఆపింది: మనవి జోస్నాది, సాక్ష్యం కూడా జోస్నాయే చెప్పాలి. ఈ మలుపును ఎలీశమ్మ ఊహించలేదు. ఆమె చేయగలిగినది ఒక్కటే మిగిలింది. ఆ వారమంతా మజ్జిగ గ్లాసుతో వెళ్ళి, తాగించి వచ్చింది.

సమావేశం రోజున ఆరాధన ముగిశాక ఎవరూ ఇళ్ళకు వెళ్ళలేదు. పాస్టరు ప్రసన్నకుమార్ అల్మార విషయం ఎత్తగానే ఎలీశమ్మ లేచింది. నవల పేరు, పిల్లవాడి పేరు, తాను మధ్యకు కోయించిన సంగతి, పిల్ల ఎందుకు మనవి చెప్పిందో, అంతా వరుసగా చెప్పింది. రెండో సగం ఎవరి దగ్గర ఉండిపోయిందో మాత్రం చెప్పలేదు. హాలులో కుర్చీల చప్పుడు, ఎక్కడో అణచుకున్న నవ్వు.

"వారం దినాలు ఉత్త బొమ్మకు ప్రార్థన చేసినమా?" ఒకాయన అన్నాడు. సాధన తల దించుకుని కూతురి భుజాన్ని గట్టిగా పట్టుకుంది.

యేసుదాసు మైకు తీసుకున్నాడు. ఆయన ఏ వైపు మాట్లాడతాడో ఎలీశమ్మకు తెలియదు.

"చెల్లె ఒక ముచ్చట ఇడిచిపెట్టింది. ఆ పుస్తకం నా ఇంట్లనే ఉండె. ఒక్క పేజీ తెరిచినా నాకు తెలుస్తుండె. తెరువకనే నేను మీకు చెప్పిన."

"గదంత తర్వాత చెప్పు యేసుదాసూ," గోడ పక్క నుంచి కిష్టమ్మ గొంతు వచ్చింది. "ఇప్పుడైతే సదివినవా లేదా?"

"సదివినక్కా. మొత్తం."

"అయితే చెప్పు. పోరగాడు బయటికొచ్చిండా?"

ఆయన నోరు తెరవబోయాడు. "చెప్పొద్దు తాతా," అంటూ జోస్నా తల్లి చేయి విడిపించుకుని నిలబడింది. "నేనింక సదవలే."

హాలు మొత్తం ఆ పిల్ల వైపు తిరిగింది. యేసుదాసు మైకు కిందికి దించాడు. మనవి చెప్పినవాళ్ళే సాక్ష్యం చెప్పాలన్నది ఆయన పెట్టిన నియమమే.

"నువ్వు సదివేదాక నేను పస్తుండాల్నా బిడ్డా?" అన్నది కిష్టమ్మ.

"తొందరగ సదువుతా నానమ్మా."

యేసుదాసు సంచిలోంచి పుస్తకం తీసి ఇచ్చాడు. జోస్నా మెట్ల మీద కూర్చుంది. సమావేశం సాగవలసినట్టే సాగింది: కిరాయి పెంపు, నీళ్ళ మోటారు, స్పీకర్లు. కానీ ఎవరి మాటా నిలకడగా లేదు. తలుపు దగ్గరివాళ్ళు ఉండి ఉండి మెట్ల వైపు తొంగిచూస్తున్నారు. అల్మార సంగతి తేల్చుదామని ప్రసన్నకుమార్ రెండుసార్లు అన్నాడు. "పిల్ల రానియ్యున్రి," అని ముందు వరుసలో ఎవరో అన్నారు. ఉత్త బొమ్మ అని విసుక్కున్నాయన లేచి వెళ్ళి, ఎన్ని పేజీలు మిగిలాయో అడిగి వచ్చాడు. భోజనాల వేళ దాటింది. ఒక్కరూ వెళ్ళలేదు.

జోస్నా వచ్చినప్పుడు ముఖం కడుక్కున్నట్టు తడిగా ఉంది. మైకు అక్కర్లేదని చేత్తోనే చెప్పింది.

"బయటికొచ్చిండు నానమ్మా. తమ్ముడే రాలే. ఆడ్నే ఉంటనన్నడు."

"ఎందుకు?"

"అది చెప్పాల్నంటే మొదటి నుంచి చెప్పాలె."

"మరి చెప్పు." కిష్టమ్మ వెంట తెచ్చుకున్న అన్నం గిన్నె మూత తీసి, ఒళ్ళో పెట్టుకుంది. జోస్నా ఆమె కాళ్ళ దగ్గర కూర్చుని సముద్రపు ఒడ్డు నుంచి మొదలుపెట్టింది. పిల్లలు జరిగి దగ్గరికి వచ్చారు, పెద్దలు రావడం లేదన్నట్టుగా వచ్చారు.

అల్మార మీద చేతులెత్తే ఓటు జరగలేదు. యేసుదాసు ఎలీశమ్మ పక్కకు వచ్చి నిలబడి, తనిఖీ నివేదిక చెప్పినట్టు నెమ్మదిగా చెప్పాడు.

"మంత్రాలల్ల నాకేం తప్పు దొరకలే. రాణి ఉంది గని, దాని మంత్రం దాన్నే ముంచింది. తప్పంతా మధ్యల కోసుడు కాడ ఉంది. అల్మార ఉండనియ్యి. సగాలు మాత్రం బందు."

"లావు చూస్తే పిల్లలు ముట్టరన్నా."

"ముట్టనోడు ముట్టడు. ముట్టినోడైతే మనల్ని గిట్ల పరేషాన్ చెయ్యడు."

 మంగళవారం ఎలీశమ్మ రెండు సంచుల నిండా సగాలు మోసుకుని దిల్‌సుఖ్‌నగర్ వెళ్ళింది. ఇన్నాళ్ళూ కోయించినవాటినే మళ్ళీ కలిపి కుట్టమంటే బైండింగ్ అతను ఆమెను ఎగాదిగా చూశాడు. వచ్చిన ఆదివారం అల్మారలో పుస్తకాలు సగమయ్యాయి, లావు రెట్టింపైంది. తొమ్మిదేళ్ళ పిల్లవాడొకడు 'నత్తగుల్ల ఓడ' తీసి, వేళ్ళతో అంచు కొలిచి, మర్యాదగా తిరిగి పెట్టేశాడు.

"కూసో," అన్నది ఎలీశమ్మ, పక్కన ఉన్న స్టూలు చూపిస్తూ. "మొదటి పది పేజీలు నేను చదివి వినిపిస్త. తర్వాత నీ ఇష్టం."